బడిలో వంట చేసే తల్లికి శిక్షణ ఎందుకు?

మీ పిల్లలు బడిలో మధ్యాహ్న భోజనం చేస్తున్నారా? అయితే ఆ వంట చేసే వారికి ఎలాంటి శిక్షణ ఇచ్చారో మీరు తప్పక తెలుసుకోవాలి. మా వంటి నర్సులు డిప్లొమా చదివి, కౌన్సిల్‌లో పేరు నమోదు చేయించుకున్న తరువాతే ఉద్యోగంలో చేరతారు. వంద మంది పిల్లలకు వండిపెట్టే తల్లి బాధ్యత మా బాధ్యత కంటే తక్కువది కాదు.

2013 జూలై 16న బీహార్‌లోని ఛాప్రా దగ్గర ఒక బడిలో మధ్యాహ్న భోజనం తిన్న 23 మంది పిల్లలు చనిపోయారు. వంటనూనెలో మోనోక్రోటోఫాస్ అనే పురుగుమందు కలిసింది. నూనె తేడాగా ఉందని వంటామె చెప్పినా ఎవరూ వినలేదని అప్పట్లో వార్తలు వచ్చాయి. కాబట్టి వండేవారికి తెలివిడి ఉంటే చాలదు. "ఇది వండను" అని చెప్పే ధైర్యం, ఆ మాట వినే పెద్దలు కూడా ఉండాలి.

శిక్షణలో ఏం నేర్పుతారు?

మన దేశంలో ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ 'ఫోస్టాక్' అనే శిక్షణ ఇప్పించి సర్టిఫికెట్ ఇస్తోంది. అది రెండేళ్ళు చెల్లుతుంది. చేతుల శుభ్రత, సరుకుల నిల్వ, పచ్చివాటిని వండినవాటికి దూరంగా ఉంచడం, వేడిగా వడ్డించడం వంటివి అందులో నేర్పుతారు.

సర్టిఫికెట్ ఒక్కటే చాలదు

విరేచనాలు, పచ్చకామెర్లు, చేతిమీద చీముపుండు ఉన్నవారు వంట చేయకూడదు. పుండులోని ఒక రకం సూక్ష్మజీవి అన్నంలో చేరి విషాన్ని తయారుచేస్తుంది. మళ్ళీ వేడి చేసినా ఆ విషం పోదు. టైఫాయిడ్ తగ్గిపోయి ఆరోగ్యంగా కనిపించే కొందరి మలంలో ఆ క్రిములు చాలాకాలం ఉంటాయి. అందుకే జ్వరం లేకపోయినా వైద్య పరీక్ష అవసరం.

మీరు అడగవలసినవి

1. వంటవారికి శిక్షణ ఎప్పుడు ఇచ్చారు?
2. వైద్య పరీక్షలు క్రమంగా చేయిస్తున్నారా?
3. వంటగది దగ్గర సబ్బు, నీళ్ళు ఉన్నాయా?
4. వడ్డించే ముందు పెద్దలు రుచి చూస్తున్నారా? ఒక ఉపాధ్యాయుడితో సహా ఇద్దరు ముగ్గురు రుచి చూడాలని పథకం మార్గదర్శకాలు చెబుతున్నాయి.
5. వంటామెకు ఒంట్లో బాగాలేని రోజు బదులు ఎవరు వస్తారు?

ఈ చివరి ప్రశ్న చాలా ముఖ్యం. ఒకరోజు మానితే కూలి పోతుందనే భయంతో పేద తల్లి తన జబ్బును దాచుకుంటుంది. బదులు మనిషిని ఏర్పాటు చేసి, ఆమె కూలి పోకుండా చూస్తే ఆమె నిజం చెబుతుంది. పిల్లలు క్షేమంగా ఉంటారు.

ఈ విషయాలను తల్లిదండ్రుల కమిటీ సమావేశంలో మర్యాదగా అడగండి. వంటామెను నేరస్థురాలిలా చూడకండి. ఆమె కూడా మీ ఊరి ఆడబిడ్డే.

భోజనం తిన్న తరువాత ఇద్దరు ముగ్గురు పిల్లలకు ఒకేసారి వాంతులు మొదలైతే నాటువైద్యంతో కాలయాపన చేయకండి. వెంటనే ఆసుపత్రికి తీసుకురండి. మిగిలిన భోజనాన్ని పారేయకుండా, ఎవరూ తినకుండా మూతపెట్టి ఉంచండి. కారణం తెలుసుకోవడానికి అది పనికివస్తుంది.