సిఫార్సు కాదు, సాక్ష్యం

వరంగల్ సుబేదారిలోని ఆర్ట్స్ అండ్ సైన్స్ కాలేజీకి కోర్టులుండే అదాలత్ పెద్ద దూరం కాదు. బోనెక్కిన మనిషి తన కళ్లతో చూసింది చెబితేనే అది సాక్ష్యం. ఎవరో చెప్పగా విన్నదానికి అక్కడ మామూలుగా విలువ ఉండదు. రెఫరెన్స్ లెటర్ కోసం వచ్చే విద్యార్థులకూ, రాసిచ్చే తోటి అధ్యాపకులకూ నేను ముందుగా చెప్పేది ఇదే. మన దగ్గర సిఫార్సు అనగానే పైరవీ గుర్తొస్తుంది. సైన్స్ చదివినవాళ్లను ప్రభుత్వ శాఖలకూ చట్టసభలకూ దగ్గర చేసే సైన్స్ పాలసీ ఫెలోషిప్‌లకు రాసే లేఖల విషయంలో చాలా అపోహలు ఆ ఒక్క మాటలోంచే పుట్టాయి.

అపోహ: ఎంత పెద్ద హోదా ఉన్నవాళ్లు సంతకం పెడితే అంత బరువు.

వాస్తవం: విద్యార్థి ముఖం కూడా గుర్తులేని పెద్దాయన ఇచ్చిన నాలుగు పంక్తుల లేఖ ఎంపిక చేసేవాళ్లకు ఏమీ చెప్పదు. ఏడాదిపాటు ల్యాబ్‌లో పక్కనుండి చూసిన కాంట్రాక్టు లెక్చరర్ రాసిన ఒక పేజీ చాలా చెబుతుంది. ‘ఆ సార్ పర్మినెంట్ కాదు, ఆయన లేఖ చెల్లుతుందా’ అని పిల్లలు భయపడుతుంటారు. ఎవరు రాయాలన్నది నిబంధనల్లో ఒకసారి చూసుకోండి. అడ్డు లేకపోతే ఆ సార్‌నే అడగండి.

అపోహ: మార్కులు, ర్యాంకు, పరిశోధన పత్రాలు ఏకరువు పెడితే చాలు.

వాస్తవం: అవన్నీ మెమోలోనూ బయోడేటాలోనూ ఉన్నాయి. పాలసీ పనికి కావాల్సింది వేరే. వరంగల్ పత్తి సంగతే చూడండి. 2002లో జన్యుమార్పిడి చేసిన బీటీ పత్తికి కేంద్రం అనుమతి వచ్చింది. 2005లో మహికో సంస్థ హైబ్రిడ్‌లు మూడింటికి అప్పటి ఆంధ్రప్రదేశ్‌లో అనుమతి కొనసాగించలేదు. 2010లో బీటీ వంకాయపై హైదరాబాద్ సహా ఏడు నగరాల్లో ప్రజాభిప్రాయం విన్నాక కేంద్రం దానికి బ్రేకు వేసింది. ఈ నిర్ణయాల్లో జన్యుశాస్త్రం ఒక పాలు మాత్రమే. విత్తనం ధర, వాన మీద ఆధారపడ్డ చేను, పంట పోతే పరిహారం ఎవరివ్వాలన్న తగువు, ఇవన్నీ అదే బల్ల మీదికి వస్తాయి. ఆ బల్ల దగ్గర కూర్చోగలడా లేదా అన్నదే లేఖ చెప్పాలి.

కాబట్టి ‘తెలివైనవాడు, వినయవంతుడు, కష్టజీవి’ అని రాస్తే అది కాండక్ట్ సర్టిఫికెట్ అవుతుంది. మీ విద్యార్థిని వరంగల్ ఏనుమాముల మార్కెట్‌లో రైతులతో మాట్లాడి, తన అభిప్రాయానికి ఎదురుగా ఉన్న మాటల్ని కూడా వదలకుండా నోటు రాసిందా? ముప్పై పేజీల నివేదికను సైన్స్ తెలియని అధికారికి ఒక్క పేజీలో అర్థమయ్యేలా చెప్పగలిగిందా? తన లెక్క తప్పని తేలినప్పుడు ఒప్పుకుని దిద్దుకుందా? అలాంటి ఒక్క సంఘటన, జరిగింది జరిగినట్టు రాస్తే, పది విశేషణాల పని చేస్తుంది.

ఇక్కడ అమ్మాయిల గురించి ఒక మాట ప్రత్యేకంగా చెప్పాలి. అమెరికాలో ఒక వైద్య కళాశాలకు వచ్చిన 300కు పైగా సిఫార్సు లేఖల్ని ఫ్రాన్సెస్ ట్రిక్స్, కరొలిన్ సెంకా పరిశీలించి 2003లో ఫలితాలు ప్రచురించారు. మహిళల కోసం రాసిన లేఖలు సగటున పొట్టిగా ఉన్నాయి, సందేహం రేపే మాటలు వాటిలోనే ఎక్కువగా కనిపించాయి. రాసినవాళ్లలో ఎవరూ కావాలని అలా చేసి ఉండరు. మనమూ అమ్మాయికి ‘ఓపిక, అణకువ’ అనీ, అబ్బాయికి ‘నాయకత్వం, చొరవ’ అనీ చేతి అలవాటుగా రాసేస్తాం. సంతకం పెట్టేముందు ఇదే లేఖను అబ్బాయికైతే ఇలాగే రాసేవాణ్ణా అని ఒకసారి చదువుకోవాలి.

అపోహ: విద్యార్థే రాసుకొచ్చిన లేఖపై సార్ సంతకం పెడితే సరిపోతుంది.

వాస్తవం: అది సాక్షి పేరుతో కక్షిదారు చెప్పుకున్న మాట అవుతుంది. అభ్యర్థి తన గురించి రాసుకున్న వ్యాసం, లేఖ ఒకే గొంతుతో ఉంటే చదివేవాళ్లు పట్టేస్తారు. విద్యార్థి ఇవ్వాల్సింది ముసాయిదా కాదు, వివరాలు: బయోడేటా, ఆ ఫెలోషిప్ ఏం కోరుతోంది, మీ దగ్గర చేసిన పనుల జాబితా, గడువు తేదీ.

అపోహ: లోపం ఒక్కటి రాసినా అవకాశం పోతుంది.

వాస్తవం: మచ్చే లేని లేఖను ఎవరూ నమ్మరు. మొదట్లో సభలో మాట్లాడ్డానికి జంకేవాడనీ, సెమినార్లలో పాల్గొంటూ దాన్ని ఎలా దాటాడో కూడా రాస్తే మిగతా పొగడ్తకూ విలువ వస్తుంది.

అపోహ: ఒకే లేఖ అన్నిచోట్లకూ పనికొస్తుంది.

వాస్తవం: పనికిరాదు. అమెరికాలోని శాస్త్రవేత్తల సంఘం ఏఏఏఎస్ 1973లో మొదలుపెట్టిన పాలసీ ఫెలోషిప్‌కు మూడు లేఖలు కావాలి, దరఖాస్తుదారుకు ఆ దేశ పౌరసత్వం ఉండాలి. అంటే అక్కడ పౌరసత్వం తీసుకున్న మనవాళ్లకే ఆ దారి. ఇక్కడ కేంద్ర శాస్త్ర సాంకేతిక శాఖ పాలసీ ఫెలోషిప్ ఉంది. చట్టసభల పనిపై పరిశోధన చేసే పీఆర్‌ఎస్ సంస్థ 2010లో మొదలుపెట్టిన ల్యాంప్ ఫెలోషిప్‌లో యువ పట్టభద్రులు ఎంపీల దగ్గర పనిచేస్తారు. పరిశోధకుడికి రాసే మాట వేరు, ఎంపీ దగ్గర పనిచేయబోయేవాడికి రాసే మాట వేరు.

విద్యార్థులూ, కనీసం మూడు వారాల ముందు అడగండి. అధ్యాపక మిత్రులారా, లేఖ అడిగిన పిల్ల గురించి చెప్పడానికి మీ దగ్గర ఏమీ లేకపోతే రాయలేనని అదే రోజు చెప్పండి. ఇంకొకరిని అడగడానికి ఆమెకు సమయం మిగులుతుంది.