చేతిరాత పట్టించిన దొంగ

ఈ నెల నేను ఇంగ్లండు దేశపు పేరుమోసిన దొంగ డిక్ టర్పిన్ గురించి రాస్తున్నాను. దొంగ గురించి గోడపత్రికలో ఎందుకురా అని వార్డెన్ సారు అడగవచ్చు. కారణం ఉంది సార్. ఈ దొంగ చివరికి పట్టుబడింది తన చేతిరాత వల్ల. ఆ రాతను గుర్తుపట్టింది చిన్నప్పుడు అతనికి రాయడం నేర్పిన మాస్టారు! చదవండి.

కథలో టర్పిన్

ఇంగ్లండులో పిల్లలు వినే కథలో టర్పిన్ గొప్ప వీరుడు. అతనికి బ్లాక్ బెస్ అనే నల్ల ఆడగుర్రం ఉంది. దాని మీద ఒక్క రాత్రిలో లండన్ నుంచి యార్కు పట్టణానికి, అంటే సుమారు 200 మైళ్లు, పరుగెత్తించి రాజభటులను తప్పించుకున్నాడు. పాపం, యార్కు చేరగానే గుర్రం అలసిపోయి చచ్చిపోయింది. వినడానికి ఎంత బాగుందో కదా!

కాని ఇది జరగలేదు. విలియం హారిసన్ ఐన్స్‌వర్త్ అనే రచయిత 1834లో ‘రూక్‌వుడ్’ అనే నవల రాశాడు. ఈ స్వారీని జనంలోకి తెచ్చింది ఆ నవలే. అప్పటికి టర్పిన్ చనిపోయి 95 ఏళ్లు. అసలు అలాంటి స్వారీ 1676లో నెవిసన్ అనే వేరే దొంగ చేశాడని ముందు నుంచీ చెప్పుకునేవారు. 1676 నాటికి టర్పిన్ పుట్టనేలేదు!

నిజం టర్పిన్

టర్పిన్ 1705లో ఎసెక్స్ జిల్లాలోని హెంప్‌స్టెడ్ అనే ఊళ్లో పుట్టాడు. తండ్రి మాంసం కొట్టు నడిపేవాడు. ఇతను కూడా అదే పని నేర్చుకున్నాడు. ఎసెక్స్‌లో ఎపింగ్ అడవి ఉంది. అది రాజుగారి అడవి. అందులో జింకలను దొంగతనంగా వేటాడే ముఠా ఒకటి ఉండేది. మాంసం కోసి అమ్మడం తెలిసినవాడు కాబట్టి టర్పిన్ వాళ్లతో కలిశాడు.

తర్వాత ఆ ముఠా ఇళ్ల మీద పడింది. ఊరికి దూరంగా విడిగా ఉన్న ఇళ్లు చూసుకుని పోయేవారు. 1735 ఫిబ్రవరి 1న లౌటన్ అనే చోట ఒక ముసలి వితంతువు ఇంట్లో జొరబడ్డారు. డబ్బు ఎక్కడుందో చెప్పకపోతే నిప్పుల మీద కూర్చోబెడతామని ఆమెను బెదిరించారు. మూడు రోజుల తర్వాత ఎడ్జ్‌వేర్ దగ్గర 70 ఏళ్ల రైతు జోసెఫ్ లారెన్స్ ఇంటికి పోయారు. ఆ తాతను కొట్టి, మరిగే నీళ్లు పోసి, బట్టలు లాగి నిప్పు మీద కూర్చోబెట్టారు. ముఠా నాయకుడు ఆ ఇంట్లో పనిచేసే అమ్మాయిపై అత్యాచారం చేశాడు. ఇదండీ వీరుల పని!

ప్రభుత్వం ఒక్కొక్కడిని పట్టిస్తే 50 పౌండ్లు ఇస్తామని ప్రకటించింది. వీలర్ అనే కుర్రాడు దొరికిపోయి మిగతావాళ్ల పేర్లన్నీ చెప్పేశాడు. చాలామందికి ఉరి పడింది. టర్పిన్ మాత్రం తప్పించుకుని దారిదోపిడీలు మొదలుపెట్టాడు.

1737 మే 4న ఎపింగ్ అడవిలో అతన్ని థామస్ మోరిస్ అనే మనిషి పట్టుకోబోయాడు. మోరిస్ అడవి కాపలాదారు దగ్గర పనివాడు. టర్పిన్ తుపాకీతో కాల్చి అతన్ని చంపేశాడు. ఇక టర్పిన్ తల మీద బహుమతి 200 పౌండ్లు అయింది.

కోడిపుంజు తెచ్చిన తంటా

టర్పిన్ ఉత్తరాన ఉన్న యార్క్‌షైర్‌కు పారిపోయాడు. జాన్ పామర్ అని పేరు మార్చుకుని, గుర్రాల వ్యాపారినని చెప్పుకుని బతికాడు. పక్క జిల్లాలో గుర్రాలు దొంగిలించి ఇక్కడ అమ్మడం అతని వ్యాపారం!

1738 అక్టోబరు 2న వేట నుంచి తిరిగివస్తూ వీధిలో ఒకరి కోడిపుంజును ఊరికే కాల్చేశాడు. ఇదేం పని అని పక్కనున్న మనిషి అడిగితే, ఆగు, తుపాకీ మళ్లీ నింపుకుని నిన్నూ కాలుస్తానన్నాడట. కేసు అయింది. మేజిస్ట్రేట్లు జామీను ఇమ్మంటే ఇవ్వలేదు. జైల్లో పెట్టారు. విచారిస్తే గుర్రాల దొంగతనం అనుమానం బయటపడింది. యార్కు కోటలోని జైలుకు మార్చారు. అయినా అతను టర్పిన్ అని అక్కడ ఎవరికీ తెలియదు. అందరికీ పామరే.

ఉత్తరం

1739 ఫిబ్రవరిలో జైలు నుంచి అతను హెంప్‌స్టెడ్‌లోని తన బావకు ఉత్తరం రాశాడు. ఆ రోజుల్లో తపాలా ఖర్చు ఉత్తరం అందుకున్నవారే కట్టాలి. బావ కట్టలేదు. యార్కు నుంచి తనకు రాసేవాళ్లెవరూ లేరన్నాడట. ఉత్తరం దగ్గరలోని శాఫ్రన్ వాల్డెన్ పోస్టాఫీసులో ఉండిపోయింది. అక్కడ దానిని జేమ్స్ స్మిత్ అనే ఆయన చూశాడు. ఊరి బడిలో టర్పిన్‌కు అక్షరాలు రాయడం నేర్పింది ఆయనే. ఉత్తరం మీద పేరు ఏదైతేనేం, రాత పాతదే కదా! ఆయన వెంటనే మేజిస్ట్రేటుకు చెప్పాడు. తర్వాత యార్కు వెళ్లి జైల్లో మనిషిని చూసి, ఇతను డిక్ టర్పినే అన్నాడు. 200 పౌండ్ల బహుమతి ఆయనకే దక్కింది.

మార్చి 22న విచారణ జరిగింది. మోరిస్ హత్య మీద కాదు, గుర్రాల దొంగతనం మీద. ఆ కాలంలో గుర్రం దొంగిలిస్తే ఉరే. ఏప్రిల్ 7న నేవ్స్‌మైర్ అనే మైదానంలో ఉరి తీశారు. ఇప్పుడు ఆ మైదానంలో గుర్రప్పందేలు జరుగుతాయి. చావుకు ముందు అతను కొత్త కోటు, బూట్లు కొనుక్కున్నాడు. తన వెనుక దుఃఖిస్తూ నడవడానికి ఐదుగురిని కూలికి పెట్టుకున్నాడు. బండిలో పోతూ జనానికి దండాలు పెట్టాడు. జనం ఆ దర్జాను గుర్తుపెట్టుకున్నారు. నిప్పు మీద కూర్చున్న తాతను మరిచిపోయారు.

మాస్టారు చేసింది సరైనదేనా?

మా క్లాసులో ఈ కథ చెబితే పెద్ద వాదన అయింది. డబ్బు కోసం సొంత విద్యార్థిని ఉరికి పంపుతాడా, అదేం గురువు అని కొందరు అన్నారు. మరి థామస్ మోరిస్ కూడా ఎవరో ఒకరి బిడ్డే కదా, అతని తరపున ఎవరు మాట్లాడాలి అని నేను అన్నాను. మాస్టారు డబ్బు తీసుకున్న మాట నిజమే. కాని ఆయన నోరు మూసుకుని ఉంటే, పామర్ ఎవరో బయటపడేది కాదేమో. మోరిస్‌ను చంపినవాడు పట్టుబడ్డాడని ఎవరికీ తెలిసేది కాదు. అందుకే నా ఓటు మాస్టారుకే. మీ అభిప్రాయం కాగితం మీద రాసి ఇవ్వండి, వచ్చే నెల అంటిస్తాం.

చివరగా ఒక్క మాట. బ్లాక్ బెస్ అనే గుర్రం పేరు లోకానికంతా తెలుసు, అది కల్పితం. థామస్ మోరిస్ నిజంగా బతికాడు, నిజంగా చచ్చాడు, అతని పేరు కొద్దిమందికే తెలుసు. సినిమాలో గాని, కథలో గాని దొంగ హీరోగా కనిపిస్తే చప్పట్లు కొట్టే ముందు ఒక ప్రశ్న వేసుకోండి: వీడు ఎవరి ఇంట్లో దూరాడు? ఆ ఇంటివాళ్లు ఏమయ్యారు?