అక్షరాలు కదులుతున్నాయంటే నమ్మండి

మా పిల్లవాడు నాలుగో తరగతికి వచ్చేదాకా వాడిది బద్ధకమనే అనుకున్నాం. కథ చెబితే ఒక్క మాట పోకుండా అప్పజెప్పేవాడు. అదే కథ పుస్తకం తెరిచి చదవరా అంటే కళ్ళు నులుముకోవడం, తలనొప్పి అనడం, మంచినీళ్ళకని లేచిపోవడం. "అమ్మా, గీతలు కదులుతున్నాయి" అన్నాడొకరోజు. సాకులు నేర్చాడని దెబ్బ వేశాం. రాయడానికి సిగ్గుగానే ఉంది. సాల్మియాలో, అబ్బాసియాలో మన ఇళ్ళలో ఇంకే పిల్లవాడికీ ఆ దెబ్బ పడకూడదని రాస్తున్నాం.

వాడు చెప్పింది నిజమే. తెల్లకాగితం మీది నల్ల వరసలు కొందరి కళ్ళకు మెరుస్తాయి, ఊగుతాయి, ఒకదానిలోకి ఒకటి జారతాయి. దీన్ని విజువల్ స్ట్రెస్ అంటున్నారు. డిస్లెక్సియా వేరు. అక్కడ చిక్కు కంటిలో కాదు, శబ్దాన్ని అక్షరంతో ముడిపెట్టడంలో ఉంది. 1896లోనే ప్రింగిల్ మోర్గన్ అనే ఇంగ్లీషు డాక్టరు తెలివైన 14 ఏళ్ళ కుర్రవాడికి చదవడం మాత్రం పట్టుబడకపోవడం గురించి రాశాడు. ఈ రెండూ ఒకే పిల్లవాడిలో ఉండవచ్చు. మావాడి సంగతి అదే.

మొదట రంగుల వెంట పరుగెత్తాం. 1983లో అమెరికాలో హెలెన్ ఇర్లెన్ ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి అది. పుస్తకం మీద పసుపు ప్లాస్టిక్ కాగితం పరిస్తే వాడి తలనొప్పి కొంత తగ్గింది, చదువు మాత్రం రాలేదు. రంగు కళ్ళద్దాలతో డిస్లెక్సియా నయమవుతుందనడానికి తగిన రుజువు లేదని అమెరికాలో పిల్లల వైద్యులూ కంటి వైద్యులూ కలిసి 2009లో ప్రకటించారు. అద్దాలకు డబ్బు పోసే ముందు ఆ సంగతి తెలిస్తే బాగుండేది!

ముందు మామూలు కంటి పరీక్ష చేయించాలి. ఆ తర్వాత చదువు పరీక్ష. కువైట్‌లో సెంటర్ ఫర్ చైల్డ్ ఇవాల్యుయేషన్ అండ్ టీచింగ్ 1984లోనే మొదలైంది. ఇంట్లో పెద్ద అక్షరాలు, ఎడం ఎడంగా వరసలు, చదివే వరస కింద స్కేలు. రోజూ కాసేపు శబ్దం పలికించి అక్షరం దిద్దించడం. ఇంగ్లీషులా కాక తెలుగులో రాసిందే పలుకుతాం, అది వరమే. కాని ప, ఫ, వ, మ పక్కపక్కన పడినా, కింద ఒత్తు వచ్చినా ఇప్పటికీ ఆగిపోతాడు. వీధిలో అరబ్బీ బోర్డులేమో కుడినుంచి ఎడమకు!

సీబీఎస్ఈ బోర్డు పరీక్షల్లో ఇలాంటి పిల్లలకు ధ్రువపత్రం ఉంటే మూడు గంటల పేపరుకు 60 నిమిషాలు అదనంగా ఇస్తారు, రాసిపెట్టే మనిషిని కూడా అనుమతిస్తారు. పెళ్ళిసంబంధాల నాటికి అడ్డమని ఆ కాగితం తీసుకోని తల్లిదండ్రులున్నారు. మాకూ వెనకాడే బుద్ధి పుట్టింది. "మన వంశంలో మొద్దులెవరూ లేరు" అని తాతగారు ఫోనులో కోప్పడ్డారు కూడా. ఈ చిక్కు కుటుంబాల్లో వస్తుందని డాక్టరు చెప్పాక నాయనమ్మను అడిగాం. మాలో ఒకరు ఎనిమిదో తరగతి దాకా క్లాసులో పైకి చదవమంటే ఏడ్చేవారట.

కాగితం తీసుకున్నాం. కావలసినవారు వచ్చే సమావేశంలో అడగండి, మా ఫైలు చూపిస్తాం.