పరాయి దేశంలో పంటినొప్పి

ఇంట్లో ఉంటే అమ్మ లవంగం నూరి పెట్టేది. రియాద్ బత్హాలో ఆరుగురం ఒకే గదిలో ఉన్న రోజుల్లో పన్ను సలిపితే, డాక్టరు ఫీజును ఊరికి పంపాల్సిన డ్రాఫ్టుతో బేరీజు వేసుకుని ఊరుకునేవాణ్ణి.

గోరువెచ్చని ఉప్పునీళ్ళు పుక్కిలించడం, లవంగనూనెలో ముంచిన దూది పెట్టడం రాత్రి గడవడానికి పనికొస్తాయి. లవంగంలోని యూజినాల్ నొప్పిని మొద్దుబారుస్తుందే గాని పుచ్చును మాన్పదు. ఆస్పిరిన్ బిళ్ళ చిగురుపై అదిమితే పుండు పడుతుంది. 500 మిల్లీగ్రాముల పెనడాల్ బిళ్ళలు రోజుకు 8కి మించరాదు. దవడ వాచి, జ్వరం వచ్చి, మింగుడు పడకపోతే డబ్బు లెక్క మాని 997కి ఫోన్ చేయాలి.

1999 నాటి చట్టం విదేశీ ఉద్యోగుల ఆరోగ్య బీమాను యజమాని బాధ్యతగా చేసింది. మీ కార్డులో పళ్ళ వైద్యం ఎంతవరకు ఉందో నొప్పి రాకముందే అడిగి తెలుసుకోండి. కార్డు లేని సోదరుడెవరైనా బుగ్గ పట్టుకుని కనిపిస్తే, తలా పది రియాళ్ళు వేసుకుందాం.