పాత యాంప్లిఫయరు - కొత్త దీపము

మా కళాశాల సభాభవనమున, వేదిక ప్రక్క గదిలో ఒక పాత వాల్వు యాంప్లిఫయరు ఉన్నది. విద్యార్థులలో చాలమంది దానిని చూచియుండరు; కాని దాని గొంతు విననివారు లేరు. స్వాతంత్ర్య దినోత్సవము, మిలాదు సభ, ముషాయిరా, వార్షికోత్సవము, అన్నింటికిని చాలకాలముగా అదే దిక్కు. దాని ముందుపలకపై ఒక ఎర్రని గాజుబిళ్ల, బిళ్ల వెనుక చిన్న బల్బు ఉండును. యంత్రమునకు విద్యుత్తు అందుచున్నదని తెలుపుటయే ఆ బల్బు పని. మైకుసెట్ల వారు దానిని పైలట్ బల్బు అందురు.

గత సంవత్సరము ఆ బల్బు మాడిపోయినది. పాట ఆగలేదు, మాట ఆగలేదు. కావున ఎవరును పట్టించుకొనలేదు. ఒక శనివారము సాయంకాలము సభ ముగిసిన తరువాత, దీపము వెలుగుట లేదు గనుక యంత్రమును ఆపివేసినారని తలచి గదికి తాళము వేసితిమి. వేసినది మేమే, ఇందు ఇతరుల తప్పు లేదు. సోమవారము ఉదయము తలుపు తీయగా గదినిండ కాలిన వార్నీషు వాసన. ట్రాన్స్‌ఫార్మరు చేయి తాకరానంత వేడిగా ఉండెను. అదృష్టవశమున అది చెడలేదు. కాని సంగతి తెలిసిన పిదప కమిటీ సమావేశమున "పాతసామానుల వానికి ఇచ్చివేయుదము" అను మాట వచ్చినది. మేము రెండు వారముల గడువు కోరితిమి. ఆ రెండు వారములలో నేర్చుకొన్నదే ఈ వ్యాసము. మేము భాషాధ్యాపకులము; భౌతికశాస్త్ర శాఖలోని మిత్రులును, చోడవరము బజారులో మైకుసెట్లు అద్దెకిచ్చు ఒక పెద్దమనిషియు ఈ విషయమున మాకు గురువులు.

ఒక బల్బు మాడినచో మరొక బల్బు వేయరాదా యని విద్యార్థులు అడుగవచ్చును. దొరికినచో వేయవచ్చును. వాల్వు యంత్రములలోని పైలట్ బల్బు సాధారణముగా 6.3 ఓల్టులది. ఈ వింత అంకె ఎక్కడిది? సీసపు బ్యాటరీ అర ఒక్కొక్కటి సుమారు 2.1 ఓల్టులు, మూడు అరలు కలిసిన 6.3. బ్యాటరీతో నడచు యంత్రముల కొరకు పుట్టిన ఆ అంకె వాల్వులలోని వేడితీగకు స్థిరపడిపోయినది. మా యంత్రములోని వాల్వులు బెంగుళూరు భారత్ ఎలక్ట్రానిక్స్ వారు చేసినవి, వానికిని 6.3 ఓల్టులే. పైలట్ బల్బు ఆ వేడితీగలతో కలిసి ఒకే చుట్టనుండి విద్యుత్తు త్రాగును. అందుచేత కిరాణా దుకాణములో దొరకు టార్చిలైటు బల్బు 2.5 ఓల్టులది తెచ్చి పెట్టినచో అది కన్నుమూసి తెరచునంతలో మాడును.

సరియైన బల్బు దొరికినను దాని ఆయువు మన చేతిలో లేదు. దాని తీగ తెల్లగా కాగిననే వెలుగు. ఓల్టేజి 5 శాతము పెరిగినచో ఆయువు దాదాపు సగమగును. రాత్రి ప్రొద్దుపోయి ఊరంతయు నిద్రించిన వేళ మన ఊళ్లలో ఓల్టేజి ఎట్లు పైకెగయునో తెలియనివారు ఎవరు? పైగా చల్లని తీగ నిరోధము కాగిన తీగ నిరోధములో పదియవ వంతు మాత్రమే; కావున స్విచ్చి వేసిన ప్రతిసారి మొదటి క్షణమున ప్రవాహము అనేక రెట్లు దూకును. బల్బులు తరచుగా స్విచ్చి వేసినప్పుడే పోవుట ఇందువలననే.

ఎల్.ఇ.డి., అనగా కాంతి ఉద్గార డయోడు, వేరు జాతి. ఇందు కాగు తీగ లేదు. అర్ధవాహకపు స్ఫటికములో విద్యుత్తు ఒక దిక్కుగా ప్రవహించునప్పుడు ఆ స్ఫటికమే కాంతిని వెలువరించును. కంటికి కనబడు ఎర్రని కాంతి నిచ్చు డయోడును 1962లో అమెరికాలోని జనరల్ ఎలక్ట్రిక్ సంస్థలో నిక్ హోలోన్యాక్ చూపించెను. ప్రకాశవంతమైన నీలికాంతి డయోడు కొరకు లోకము మరి మూడు దశాబ్దములు వేచినది. దానిని సాధించిన జపాను శాస్త్రజ్ఞులు అకసాకి, అమానో, నకమురాలకు 2014లో నోబెలు బహుమానము లభించినది. నీలికాంతిపై పసుపు పొడి పూత పూసినప్పుడే తెల్లని కాంతి వచ్చినది. ఈ మాట క్రింద మరల అవసరమగును.

మన చోడవరము 2022లో అనకాపల్లి జిల్లాలో చేరినను ఇట్టి చిన్న వస్తువులకు మేము విశాఖపట్నమునకే పోయితిమి. బస్సు ఖర్చు వస్తువు వెల కంటె ఎక్కువ. తెచ్చిన ఎర్రని ఎల్.ఇ.డి.కి 470 ఓముల నిరోధము ఒక్కటి జతచేసి బల్బు చోట అతికించితిమి. దివ్యముగా వెలిగినది. నాలుగవ నాటికి మసకబారినది, ఆరవ నాటికి ఆరిపోయినది. భౌతికశాస్త్ర మిత్రుడు చూచి నవ్వెను. వేడితీగల చుట్టలోనిది ఏకాంతర విద్యుత్తు. క్షణమునకు 50 మారులు ముందుకు, 50 మారులు వెనుకకు పోవును. 6.3 ఓల్టులన్నది సగటు వంటి అంకె, శిఖరము 8.9 ఓల్టులు. ఎల్.ఇ.డి.లు సాధారణముగా ఎదురు దిక్కున 5 ఓల్టులకు మించి ఓర్వవు. మేము దానిని ప్రతి క్షణము 50 మారులు వెనుకనుండి కొట్టుచుంటిమన్నమాట.

చికిత్స సులభము. ఎల్.ఇ.డి.కి ప్రక్కగా, ఎదురు ముఖముతో, ఒక సామాన్య డయోడును కలుపవలెను. వెనుకకు వచ్చు విద్యుత్తు ఆ దారిన పోవును, ఎల్.ఇ.డి.పై ముప్పాతిక ఓల్టు కూడ పడదు. లెక్క ఇది: శిఖరము 8.9, అందు ఎర్ర ఎల్.ఇ.డి. 2 ఓల్టులు తీసికొనును, మిగిలిన 6.9ని 470తో భాగించినచో సుమారు 15 మిల్లీ ఆంపియర్లు. అదియు శిఖరమున మాత్రమే, కావున నిశ్చింత. పావు వాట్టు నిరోధము చాలును. 12 ఓల్టుల ఏకముఖ విద్యుత్తు గల ట్రాన్సిస్టరు యంత్రమైనచో 12లో 2 పోగా 10. పది మిల్లీ ఆంపియర్లకు 1000 ఓములు. తల ప్రక్కకు త్రిప్పినప్పుడు దీపము అదిరినట్లు తోచుట క్షణమునకు 50 మారులు ఆరి వెలుగుటవలన. మాకు అది బాధ కాలేదు.

రంగు విషయమున మరొక పొరపాటు చేసితిమి. తెల్లని దీపము అన్ని గాజులకు సరిపోవునని తలచి ముందుగా ఒక తెల్ల ఎల్.ఇ.డి.ని ఎర్రబిళ్ల వెనుక పెట్టి చూచితిమి. అది రోగి ముఖము వలె పాలిపోయి కనిపించినది. కాగిన తీగ కాంతిలో ఎరుపు పుష్కలము; నీలము, పసుపు కలిసిన తెలుపులో ఎరుపు పేదది. ఎర్రబిళ్లకు ఎర్ర ఎల్.ఇ.డి.యే తగును. ఎర్ర ఎల్.ఇ.డి.ని ఆకుపచ్చ బిళ్ల వెనుక పెట్టినచో దాదాపు చీకటియే. భౌతికశాస్త్ర విద్యార్థులు చేసి చూడదగిన ప్రయోగము. మరియు బల్బు అన్ని వైపులకు వెలుగును పంచును, ఎల్.ఇ.డి. ముందునకే చిమ్మును. దాని తలను ఉప్పుకాగితముతో రుద్ది మసక చేసిన తరువాత బిళ్ల అంతయు సమముగా వెలిగినది. ఈ చిట్కా మైకుసెట్ల పెద్దమనిషిది.

ఇక అన్నిటికంటె ముఖ్యమైనది. వాల్వు యంత్రములో 300 ఓల్టులకు పైబడిన విద్యుత్తు ఉండును. ప్లగ్గు పీకిన తరువాత కూడ కెపాసిటర్లలో అది నిలిచియుండును. మా యంత్రపు పెట్టెను విప్పినది ఆ పెద్దమనిషియే. కెపాసిటర్లను నిరోధము ద్వారా ఖాళీ చేసి, మీటరుతో చూచిన తరువాతనే మమ్ము దగ్గరకు రానిచ్చెను. విద్యార్థులెవ్వరును ఒంటరిగా ఈ పెట్టెలు విప్పరాదు. కొన్ని యంత్రములలోని దీపము బల్బే కాదు, నియాను దీపము. గాజులో రెండు చిన్న కడ్డీలు, నారింజ రంగు వెలుగు, ఇవి గుర్తులు. అది నేరుగా 230 ఓల్టులపై నడచును. పైన చెప్పిన లెక్క దానికి వర్తింపదు. మాకు తెలిసిన ఒక మసీదులోని యాంప్లిఫయరులో అట్టిదే ఉన్నది. ఫజరు వేళ చీకటిలో ముఅజ్జిన్ సాహెబు యంత్రము పని చేయుచున్నదో లేదో చూచుకొనునది ఆ దీపమును బట్టియే. దానిని కూడ మార్చుడని వారు అడిగిరి. అట్టి నియాను దీపమునే తెచ్చి మెకానిక్కుచే వేయించుడని చెప్పితిమి.

గడువు ముగియుటకు రెండు దినముల ముందు కమిటీ వారి యెదుట యంత్రమును నడిపి చూపితిమి. అమ్మకపు ప్రస్తావన వాయిదా పడినది; రద్దు కాలేదు. పెట్టె మూత లోపల మేమొక చీటీ అంటించితిమి: "బల్బు తీసివేయబడినది. ఎర్ర ఎల్.ఇ.డి., 470 ఓములు, ఎదురు డయోడు. దీపము ఆరియున్నను స్విచ్చిని చూడకుండ తాళము వేయరాదు." ఆ చీటీ తెలుగున ఒకటి, ఉర్దూలో ఒకటి ఉన్నది.