ఇంజనులోకి దొంగగాలి

తెలుగు పాఠం చెప్పుకొనే వారికి మోటారు ఇంజనుతో ఏమి నిమిత్తమని మా విద్యార్థులు అడుగవచ్చు. ప్రశ్న సమంజసమైనదే. కాని ఉప్పల్, నాచారం, కాప్రా ప్రాంతాలలో నివసించే వారికి యంత్రాలతో ఏదో ఒక సంబంధం తప్పదు. 1967లో ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్, 1971లో న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్ వెలిసిన నేల ఇది. నాచారం, మల్లాపూర్, చర్లపల్లి పారిశ్రామిక వాడలు పెరిగిన తరువాత, లేతుపై పనిచేసే తండ్రియో, షెడ్డులో పానా పట్టే అన్నయో లేని ఇల్లు మన విద్యార్థులలో అరుదు. పైగా ఈ వ్యాసానికి మా సొంత అనుభవమే మూలం. ఒక రబ్బరు గొట్టంలోని పగులు మమ్మల్ని రెండు నెలలు తిప్పలు పెట్టి, చివరకు ప్రాణాపాయం అంచు వరకు తీసుకుపోయింది.

మేము ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక పాత కార్బ్యురేటరు కారు కొన్నాము. ఒక వేసవిలో దానికి వింత జబ్బు పట్టుకున్నది. రోడ్డుపై పరుగెత్తేటప్పుడు ఏ లోపమూ కనిపించదు. హబ్సిగూడ చౌరస్తాలో ఎర్రదీపం దగ్గర ఆగగానే మలేరియా రోగివలె వణుకు మొదలవుతుంది. కాసేపటికి ఇంజను ఆగిపోతుంది. వెనుక హారన్ల మోత! ఒక షెడ్డుకు తీసుకుపోతే ప్లగ్గులు మార్చారు. వారం తిరగకముందే మళ్ళీ పోయాము. కార్బ్యురేటరు విప్పి కడిగారు. మూడవసారి స్లో స్పీడు స్క్రూ బిగించి, ఇంజను నిలకడ వేగాన్ని పెంచి పంపారు. వణుకు తగ్గింది, పెట్రోలు ఖర్చు పెరిగింది. జ్వరానికి కారణం వెదకక మాత్ర వేసి పంపినట్లే ఈ వైద్యం. అప్పటికి మాకది తెలియదు. మేమూ సంతోషించాము.

జబ్బు అర్థం కావాలంటే ముందు ఇంజను శ్వాస అర్థం కావాలి. పిస్టను కిందికి దిగేటప్పుడు సిలిండరులో ఖాళీ ఏర్పడి, దానిని నింపడానికి గాలి రావాలి. ఆ గాలిదారికి థ్రాటిల్ అనే రేకు తలుపు ఉన్నది. యాక్సిలరేటరు తొక్కకుండా ఉన్నప్పుడు ఆ తలుపు దాదాపు మూసుకొని ఉంటుంది. పిస్టన్లు గాలి కోరుతూనే ఉంటాయి, తలుపు ఇవ్వనంటుంది. అందువల్ల తలుపుకు, సిలిండర్లకు మధ్యనున్న మానిఫోల్డులో పాక్షిక శూన్యం నెలకొంటుంది. ఉర్దూలో శూన్యాన్ని ఖలా అంటారు. మనం రోజూ తెలుగులో వాడే ఖాళీ అనే మాట కూడా అదే అరబ్బీ ధాతువునుండి పుట్టినదే. ఇంజను లోపల ఉన్నది ఖలా అని ఒకరు, ఖాళీ అని మరొకరు అంటే ఇద్దరూ అన్నదమ్ముల మాటలే మాట్లాడినట్లు.

ఇక్కడ ఒక అపోహ తొలగించుకోవాలి. శూన్యం లాగుతుందని లోకం అంటుంది. శూన్యానికి లాగే చేతులు లేవు. బయటి గాలి తన బరువుతో లోపలికి తోస్తుంది. 1643లో ఇటలీ దేశపు టారిచెల్లీ పాదరసపు గొట్టంతో ఈ సంగతినే నిరూపించాడు. సముద్రమట్టం దగ్గర గాలి బరువు 76 సెంటీమీటర్ల పాదరసాన్ని నిలుపుతుంది. మన నగరం సముద్రమట్టానికి అర కిలోమీటరుకు పైగా ఎత్తున ఉన్నందువల్ల, ఇక్కడి భౌతికశాస్త్ర ప్రయోగశాలలలో భారమితి 71 సెంటీమీటర్ల దగ్గరే నిలుస్తుంది. ఈ అయిదు సెంటీమీటర్ల తేడా తరువాత పనికివస్తుంది గనుక పాఠకులు గుర్తుంచుకోవలెను.

పెట్రోలు ఒక పాలుకు గాలి సుమారు 14.7 పాళ్ళు, తూకంలో. ఇదే సరైన మిశ్రమం. కార్బ్యురేటరు తన గుండా పోయే గాలిని బట్టియే పెట్రోలు ఇస్తుంది. మానిఫోల్డు మీద ఎక్కడైనా ప్యాకింగు చెడినా, గొట్టం పగిలినా, కార్బ్యురేటరుకు తెలియకుండా గాలి పక్కదారిన చొరబడుతుంది. దీనినే మేము దొంగగాలి అంటున్నాము. మిశ్రమం పలచబడుతుంది, సిలిండరులో కొన్నిమార్లు మంట అంటుకోదు, ఇంజను మిస్ కొడుతుంది.

మరి పరుగులో జబ్బు ఎందుకు కనిపించదు? ఒక లెక్క వేసి చూద్దాము. 800 సీసీ ఇంజను నిమిషానికి 800 చుట్లు తిరుగుతూ నిలకడగా ఉన్నప్పుడు పీల్చే గాలి సుమారు 100 లీటర్లు. ఒక చదరపు మిల్లీమీటరు రంధ్రం గుండా అంతటి శూన్యంలోకి నిమిషానికి సుమారు 10 లీటర్ల గాలి దూరుతుంది. అంటే పదవ వంతు దొంగసొత్తు! అదే ఇంజను థ్రాటిల్ బాగా తెరచుకొని 4000 చుట్లు తిరిగేటప్పుడు 1200 లీటర్లకు పైగా పీలుస్తుంది. పైగా తలుపు తెరచుకొన్నందున శూన్యమే తగ్గిపోయి, రంధ్రం గుండా వచ్చేదీ తగ్గుతుంది. నూటికి ఒక పాలు కూడా ఉండదు. చెరువు నిండుగా ఉన్నప్పుడు తూము కారితే ఎవరికీ పట్టదు, వేసవిలో కాప్రా చెరువు అడుగంటినప్పుడు అదే కారుడు కంట పడుతుంది. నిలిచినప్పుడు వణికి, పరుగులో కుదుటపడే ఇంజనును చూడగానే మొదట అనుమానించవలసినది దొంగగాలినే.

అయితే అనుమానం వేరు, రుజువు వేరు. నిలకడలో వణకడానికి వేరే కారణాలూ ఉన్నవి. కార్బ్యురేటరులోని నిలకడ జెట్టులో మట్టి చేరినా, ఒక వాల్వు కాలినా, కాయిల్ బలహీనపడినా ఇదే వణుకు. అందుకే మా కారు మూడు మార్లు షెడ్డుకు పోయి మూడు మార్లు తిరిగి వచ్చింది.

ఒకనాడు మా అమ్మీని ఆసుపత్రికి చూపించి తీసుకువస్తున్నాము. ఒక రైలు వంతెన దిగుడులో రద్దీ కారణంగా బ్రేకు తొక్కుతూ వదులుతూ దిగుతున్నాము. నాలుగవసారి తొక్కితే పెడలు రాయివలె నిలిచిపోయింది. ముందు ఒక ఆటో, అందులో బడిపిల్లలు. సీటుకు వీపు ఆనించి రెండు కాళ్ళతోనూ తొక్కితే, ఆటో వెనుక జానెడు దూరంలో కారు ఆగింది. మా అమ్మీ చదువుకొంటున్న దువా పెదవులమీదనే నిలిచిపోయింది. ఆ సాయంత్రమే కాప్రా వైపు వేపచెట్టు కింద పనిచేసే ఒక వృద్ధ ఉస్తాదు దగ్గరకు కారును మెల్లగా నడిపించుకుపోయాము.

ఉస్తాదు పానా ముట్టుకోలేదు. ముందు మా మాట విన్నాడు. నిలకడలో వణుకు, పరుగులో ఆరోగ్యం, బ్రేకు గట్టిపడటం, మూడూ విని నవ్వి, "లెక్చరర్ సాబ్, గాడీ హవా ఖారీ" అన్నాడు. ఉర్దూలో హవా ఖానా అంటే షికారు పోవడమనే అర్థం కూడా ఉన్నది. మా కారు మమ్మల్ని నిలబెట్టి తాను షికారు పోతున్నదన్నమాట.

ఆయన చేసిన పరీక్షలను వరుసగా చెబుతాము. ఇంజను ఆపి బ్రేకును అయిదారు మార్లు తొక్కించాడు. తొక్కి పట్టి ఉంచి ఇంజను స్టార్టు చేయమన్నాడు. ఆరోగ్యంగా ఉన్న కారులో అప్పుడు పెడలు పాదం కింద కొద్దిగా కుంగాలి. మాది కుంగలేదు. తరువాత బానెట్టు ఎత్తి, మూరెడు రబ్బరు గొట్టం ఒక కొస చెవికి పెట్టుకొని, రెండవ కొసను మానిఫోల్డు వెంట, కార్బ్యురేటరు మొదట, ప్రతి గొట్టం కీలు దగ్గర తిప్పాడు. వైద్యుని స్టెతస్కోపుకు దీనికి తేడా లేదు. పగులు దగ్గరికి రాగానే బుస వినిపించింది. మా చెవికీ పెట్టి వినిపించాడు. చివరకు పకడ్‌కు గుడ్డ చుట్టి, మానిఫోల్డునుండి బ్రేకు సర్వోకు పోయే లావు గొట్టాన్ని మొదట్లోనే నొక్కి పట్టాడు. అంతే! అప్పటిదాకా వణికిన ఇంజను ఒక్కసారిగా కుదుటపడి, పెంచి ఉంచిన స్క్రూ కారణంగా గుర్రుమని వేగం పుంజుకున్నది. వదిలితే మళ్ళీ వణుకు. అనుమానం రుజువైనది ఆ క్షణాననే. ఒక గొట్టాన్ని మూయగానే లక్షణం మాయమైతే, దోషం ఆ గొట్టంలోనో దాని చివరనో ఉన్నట్లు. ఏది మూసినా మారకపోతే ప్యాకింగులనే చూడాలి.

విప్పి చూపిన గొట్టం పైన నెరియలు, లోపల ఊడి వేలాడుతున్న పొర. పగులు ద్వారా గాలి ఇంజనులోకి, ఊడిన పొర వల్ల సర్వోకు శూన్యం అందకుండా అడ్డు. ఒక గొట్టానికి రెండు నేరాలు. సర్వో లోపల ఒక పొర ఉంటుంది. దాని ఒక వైపు శూన్యం, బ్రేకు తొక్కగానే రెండవ వైపు బయటి గాలి. పొర వెడల్పు 7 అంగుళాలు, శూన్యం పాదరసపు కొలతలో 16 అంగుళాలు అనుకొంటే, మన పాదానికి తోడుగా 130 కిలోలకు పైగా బలం లభిస్తుంది. గొట్టంలో ఒకవైపే తెరచుకొనే వాల్వు ఉన్నందున, శూన్యం అందకపోయినా నిల్వతో రెండు మూడు మార్లు సాయం దొరుకుతుంది. మా నిల్వ వంతెన దిగుడులో ఖర్చయిపోయింది. బ్రేకు పనిచేయడం మానలేదు, మా కాళ్ళ బలం మాత్రమే మిగిలింది.

కొందరు చేసే ఒక పని గురించి ఇక్కడ గట్టిగా చెప్పవలసి ఉన్నది. నడుస్తున్న ఇంజనుమీద పెట్రోలు చిలకరించి, ఎక్కడ చల్లితే వేగం మారునో అక్కడ రంధ్రమున్నదని తేలుస్తారు. మొదటి షెడ్డులో మా కళ్ళముందే ఇలా చేశారు. సిద్ధాంతం సరియైనదే, కాని సైలెన్సరు గొట్టం వేడికో ప్లగ్గు తీగ నిప్పురవ్వకో అంటుకొంటే మనిషి, కారు రెండూ దక్కవు. ఊదుబత్తి పొగ ఎటు వంగునో చూసే మరొక ఉపాయమున్నది. పొగ మంచిదే, దాని కొసన ఉన్న నిప్పు మంచిది కాదు. సన్నని నీటి తుంపర చాలు. నీరు రంధ్రాన్ని క్షణకాలం మూసి, ఇంజను స్వరం మారుస్తుంది. తుంపర ప్లగ్గు తీగలమీద పడకూడదు, అంతే. పరీక్షించేటప్పుడు గేరు తప్పించి, చేతిబ్రేకు వేసి, దుపట్టా చివరలు, చొక్కా చేతులు ఫ్యానుకు దూరంగా ఉంచుకోవాలి.

ఉస్తాదు దగ్గర శూన్యాన్ని కొలిచే ముల్లు మీటరు కూడా ఉన్నది. పుస్తకాలలో నిలకడ ఇంజనుకు 17 నుండి 21 అంగుళాలు అని వ్రాసి ఉంటుంది. అది సముద్రతీరపు లెక్క. ఎత్తు వెయ్యి అడుగులు పెరిగితే ఒక అంగుళం చొప్పున తగ్గించుకోవాలి. పైన చెప్పిన అయిదు సెంటీమీటర్లు ఇక్కడ పనికివచ్చాయి. అవి దాదాపు రెండు అంగుళాలు. విశాఖపట్నంలో 18 చూపే ఇంజను మన ఉప్పల్‌లో 16 చూపితే అది జబ్బు కాదు. ముల్లు కదలక బాగా దిగువన నిలిస్తే దొంగగాలి కావచ్చును, ఇగ్నిషన్ టైమింగు వెనుకబడి ఉండనూ వచ్చును. లయ తప్పకుండా ఠక్కు ఠక్కుమని పడి లేస్తుంటే వాల్వును అనుమానించాలి.

ఇప్పటి ఇంజెక్షను కార్లలో వేషం మారింది. గాలి రాశిని ముందే కొలిచే సెన్సారు ఉన్న ఇంజనులో, దొంగగాలి కొలతకు దొరకదు గనుక మిశ్రమం పలచబడుతుంది. పొగగొట్టంలోని ఆక్సిజన్ సెన్సారు అది గ్రహించి, కంప్యూటరు చేత పెట్రోలు పెంచిస్తుంది. స్కానరులో ఈ దిద్దుబాటు నూటికి ఇంత అని కనిపిస్తుంది. నిలకడలో 15, 20 దాకా ఉండి, 2500 చుట్లకు పెంచగానే సున్న దగ్గరికి వస్తే దొంగగాలి. వేగంతోపాటు పెరిగితే పెట్రోలు పంపునో ఫిల్టరునో చూడాలి. మానిఫోల్డు ఒత్తిడిని కొలిచే సెన్సారు ఉన్న కార్లలో ఇంజను వణకక, నిలకడ వేగమే పెరిగిపోయి ఊగిసలాడుతుంది. కార్బ్యురేటరు కాలపు ఉస్తాదులు కొందరు ఇక్కడ పొరబడుతున్నారు. వంద గొట్టాలలో ఏది చెడినదో తేల్చడానికి ఇప్పుడు పొగయంత్రం ఉన్నది. తక్కువ ఒత్తిడితో నూనెపొగను మానిఫోల్డులోకి పంపితే, అది రంధ్రం దగ్గర బయటపడుతుంది. మన పొరుగున న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్‌లో ఇంధనపు గొట్టాలను మూసి పరీక్షించే విధానం దీనికి పెద్దన్న వంటిది. అక్కడ పొగకు బదులు హీలియం వాయువు, చెవికి బదులు దాని అణువులను పసిగట్టే యంత్రం.

మా గొట్టానికి మారుగా ఉస్తాదు మామూలు నీటి గొట్టం వేయనన్నాడు. శూన్యంలో అది చప్పబడి దారి మూసుకుంటుందట. సర్వో కోసమే చేసిన గొట్టం తెప్పించి, రెండు కొసలా కొత్త క్లిప్పులు బిగించాడు. మొదటి షెడ్డువారు పెంచిన స్క్రూను వెనుకకు తిప్పి స్లో స్పీడు సరిచేశాడు. ముల్లు 17 దగ్గర నిలిచింది. బ్రేకు పరీక్ష మళ్ళీ చేయించాడు. ఈసారి పెడలు పాదం కింద మెత్తగా కుంగింది. గొట్టం ధరతో కలిపి ఆయన తీసుకొన్నది, ప్లగ్గులకు మేము పెట్టిన ఖర్చులో సగం కూడా కాదు. నెల తరువాత క్లిప్పులు చూపించుకొమ్మని చెప్పి, పాత గొట్టాన్ని కాగితంలో చుట్టి మా చేతిలో పెట్టాడు.