‘మద్రాసీ’ – ‘బీహారీ’

జంషెడ్‌పూరులోని కాసిడీహ్‌లో నివసించు తెలుగువాడు ఉత్తరాది వాడుకలో చిరకాలము ‘మద్రాసీ’యే. 1953లో ఆంధ్రరాష్ట్రము మద్రాసునుండి వేరుపడినది; పిలుపుమాత్రము వేరుపడలేదు. 1968 నాటి ‘పడోసన్’ హిందీ చిత్రమున మహమూద్ ధరించిన సంగీతోపాధ్యాయుని పాత్ర దక్షిణదేశము యావత్తును ఒక పిలకగా, ఒక యాసగా కుదించినది. (తెలుగువారును దానిని చూచి నవ్వియేయుందురు.)

దీనికి నొచ్చుకొనువారు తెలుగు వార్తల భాషను పరికింపవలెను. 2000 నవంబరు 15న ఝార్ఖండ్ బీహారునుండి విడివడినను, అక్కడి కూలీ తెలుగునాట పలువురినోట ‘బీహారీ’యే. నేరవార్తయైనచో ఆ మాట తరచు శీర్షికకెక్కును. వంతెన కట్టిన వార్తలో అతని ఊరే యుండదు. అతడు ఇంట సంతాలీయో, హోయో మాటాడువాడు కావచ్చును. సంతాలీ 2003 నాటి సవరణచే రాజ్యాంగపు ఎనిమిదవ షెడ్యూలులో చేరిన భాష. దానిని ఇరుగుపొరుగున వినుచు, హిందీ, తెలుగు పత్రికలను పక్కపక్కన చదువగల కాసిడీహ్ రచయితకు ఈ రెండు పొరపాట్లును ఒక్కచోటనే కనబడును.